తాళ్ళ బావ

బుడగట్లపాలెం రేవులో ఎవరి చేతిలోనైనా తాడు కనబడితే చాలు, మా అక్క మొగుడు ప్రత్యక్షం. లాగి చూస్తాడు, వేళ్ళ మధ్య నలిపి చూస్తాడు, ముక్కు దగ్గర పెట్టుకుంటాడు. "ఎండకి సచ్చిపోనాది. ఇది మనిషిని ఆపదు" అని తీర్పు చెబుతాడు. బట్టలు ఆరేసుకునే తాడు మొర్రో అన్నా వినడు.

ఈ తీరం నుంచి గుజరాత్‌లోని వెరావల్ బోట్ల మీదికి కళాసీలుగా వెళ్ళొచ్చినవాళ్ళు చాలామందే. వాళ్ళు డబ్బో, అప్పో తెచ్చుకున్నారు. బావ మాత్రం సిద్ధాంతం తెచ్చుకున్నాడు: నీళ్ళలో పడ్డాక తియ్యడం కాదు, పడకుండా తాడుతో కట్టుకుని చూసుకోవడం.

డెక్కు మీద పొడవునా బిగించే తాడు గుండ్రంగా ఉంటే కాలికింద దొర్లుతుందట. బల్లపరుపు పట్టీయే మేలు. నైలాను తడిస్తే సాగుతుంది కాబట్టి పాలిస్టరు కావాలి. అంచువారన కాక నడిమధ్యన వెయ్యాలి. ఒంటి పట్టీ నుంచి దానికి తగిలించే తాడు 2 మీటర్లు దాటకూడదు. దాటితే నీళ్ళలో పడ్డవాణ్ణి పడవే ఈడ్చి ముంచేస్తుంది.

కాళ్ళ సందున పట్టీ ఎందుకో చూపిస్తానని ఓ రోజు దారినపోయే కుర్రాడికి భుజాల పట్టీ ఒక్కటే తొడిగి పైకెత్తాడు. పట్టీ బావ చేతిలో ఉండిపోయింది, కుర్రాడు ఇసకలో కూలబడ్డాడు. "సూసినారా!" అన్నాడు బావ, మహా సంతోషంగా.

ఆ తాడు చివరి కొక్కెం మాటొస్తే మాత్రం నవ్వడు. 2017 నవంబరులో క్లిప్పర్ ప్రపంచయాత్ర పోటీలో సైమన్ స్పియర్స్ అనే బ్రిటిష్ నావికుడు తాడు కట్టుకునే ఉన్నాడు. తాళ్ళు చుట్టే కొమ్ము కింద కొక్కెం ఇరుక్కుని, పక్కలాగుడుకి వంగి ఊడిపోయింది. మనిషి దక్కలేదు.

"మన తెప్పకి డెక్కేదీ బావా? కెరటానికి తిరగబడితే దాంతోపాటు మునగడానికా కట్టుకోడం?" అన్నాడొక తండేలు.

"అందుకే తెప్ప మీద లైఫ్‌జాకెట్టు, డెక్కు బోటు మీద తాడు. మన విశాఖ స్వాతి, హైదరాబాదు ఐశ్వర్య 2018లో నేవీ వాళ్ళ 'తారిణి' మీద భూగోళం సుట్టొచ్చినారు. ఊరికే వొచ్చినారేటి?"

ఆఖరికి ఎక్కడో వెతికి, రెండు చోట్ల నొక్కితేగాని తెరుచుకోని కొక్కేలున్న తాడు తెచ్చాడు. మర్నాటికల్లా అక్క దాంతో దూడని కట్టేసింది. రేవంతా యుద్ధం కోసం కాచుకుంది. బావ దూడ చుట్టూ తిరిగాడు. గుంజ నుంచి పక్కవాళ్ళ మడి దాకా అడుగులేసి కొలిచాడు.

"రెండు మీటర్లే. మడి అందదు. బాగానే కట్టీసినావు. కొక్కేనికి పక్కలాగుడు లేకుండా గుంజ కాస్త జరుపు."

"దూడకి కుదిరినాది. మరి జాకెట్టు లేకండానే రేపు నువ్వు ఏటకెల్తావా?" అంది అక్క.

"నాణ్యమైంది సూస్తన్నాను" అన్నాడు బావ.