జంతికల డబ్బా

2008 ఏప్రిల్. సింగపూర్ షిప్‌యార్డులో ఫిట్టరు పని నాది. మా గదిలో పన్నెండు మందిమి. సోంపేట వెల్డరు బాబాయే అందరికీ పెద్ద. యాభై దాటాయి, ఆరేళ్లుగా షుగరు.

ఊరి నుంచి ఎవరొస్తున్నా పిన్ని జంతికల డబ్బాలో మాత్రలు పంపేది. డయోనిల్, 5 మిల్లీగ్రాములవి. ఆరు నెలలకు పద్దెనిమిది అట్టలు, చుట్టూ రబ్బరు బ్యాండు.

ఆ తెల్లవారుజామున పనికి లారీ వచ్చినా బాబాయి లేవలేదు. ఒళ్లంతా చెమట. పిలిస్తే పలుకు లేదు. ఆసుపత్రిలో వేలు గుచ్చి చూస్తే షుగరు, మన లెక్కలో, 28. గ్లూకోజు ఎక్కిస్తే పెరిగేది, కాసేపటికే మళ్లీ పడిపోయేది.

"షుగరు మాత్రలు ఎక్కువ వేసుకున్నాడా?" అంది డాక్టరమ్మ.

గదికి పోయి డబ్బా తెచ్చాను. బ్యాండు విప్పనే లేదు. పద్దెనిమిది అట్టలూ అలాగే ఉన్నాయి. మళ్లీ లెక్కపెట్టమంది. పెట్టాను. పద్దెనిమిదే.

బాబాయి ఒక్కడే కాదు. ఆ జనవరి నుంచి మే లోపు అయిదు ప్రభుత్వాసుపత్రుల్లో 150 మంది ఇలాగే చేరారు. వాళ్లకు షుగరు జబ్బే లేదు. నలుగురు పోయారు.

మూడో రోజు బాబాయికి తెలివొచ్చింది. గోడకేసి చూస్తూ చెప్పాడు. రెండేళ్లుగా ఆ ధ్యాసే లేదట. పోయినసారి ఊరెళ్లినప్పుడు నెల్లాళ్లూ పిన్నికి వీపు పెట్టి పడుకున్నాడట. షుగరు అదుపు తప్పితే నరాలూ రక్తనాళాలూ దెబ్బతింటాయని, కోరికా సన్నగిల్లుతుందని అతనికెవరూ చెప్పలేదు. అడగడానికి అతనికీ నోరు రాలేదు. షుగరు బిళ్లలే మగతనాన్ని తినేస్తాయని మాత్రం పక్క గదివాడు చెప్పాడు. నాలుగు నెలలుగా డబ్బా ముట్టలేదు. మే నెలలో ఊరికి టికెట్టు. గేలాంగ్ సందులో ఒకడు ఉత్త మూలికలే అని చెప్పి అమ్ముతుంటే ఒక అట్ట కొన్నాడు. పనిచేస్తుందో లేదోనని ఆసుపత్రిలో చేరే ముందురోజు రాత్రి ఒకటి వేసి చూసుకున్నాడు.

మిగిలిన బిళ్లలు చొక్కా జేబులో దొరికాయి. పరీక్షకు పంపారు.

ఫలితం వచ్చాక డాక్టరమ్మ మంచం పక్క బల్ల మీద రెండు అట్టలు పెట్టింది. ఒకటి గేలాంగ్‌లో కొన్నది, ఒకటి పిన్ని పంపింది.

"గేలాంగ్ దాంట్లో పాళ్లు చాలా ఎక్కువ. అంతే తేడా," అంది. "రెండిట్లోనూ ఒకటే మందు."