రెండు రంగుల దండం

ఆ మధ్య ఒక పెండ్లిలో పెద్దమనిషి ఎదురైతే చేతులు జోడించి దండం పెట్టిన. ఆయన నా మొహం కంటే చేతులనే ఎక్కువసేపు చూసిండు. ఏందా అని నేనూ చూసిన. కుడిది మాడిన జొన్నరొట్టె, ఎడమది పిండిముద్ద. ఇద్దరు మనుషులు తలో చేయి వేసి పెట్టిన దండం అది.

లెక్కల సారును కదా, నేరం ఎవరిదో లెక్క తీసిన. రోజూ సంగారెడ్డి నుంచి జోగిపేట మీదుగా కారులో టేక్మాల్‌ బడికి పోత. పోవుడు ఉత్తరానికి, పొద్దుగాల సూర్యుడు కుడిపక్క. వచ్చుడు దక్షిణానికి, పొద్దుమూకంగ సూర్యుడు మళ్లీ కుడిపక్కే! స్టీరింగూ కుడిపక్కనే, నా మోచేయి కిటికీ మీదనే.

అద్దం ఎత్తితే అయిపాయె అనుకున్న. చర్మం డాక్టరు నవ్విండు. అద్దం ఆపేది ఎక్కువగా మంట పుట్టించే యూవీబీ కిరణాలనట. యూవీఏ దర్జాగా లోపలికొచ్చి, చర్మం అడుగున కొల్లాజెన్‌ను కొరుకుతది. ముడతలు అక్కడి నుంచే. ఫోనులో ఒక ఫొటో చూపించిండు. 28 ఏండ్లు సరుకుల లారీ తోలిన 69 ఏండ్ల అమెరికా డ్రైవరు, 2012లో వైద్య పత్రికలో అచ్చయింది. ఎడమ చెంప తండ్రిది, కుడి చెంప కొడుకుది అన్నట్టుంది. అక్కడ స్టీరింగు ఎడమకుంటది మరి.

"నల్లటోళ్లం, మనకేమైతది సార్?" అన్న.

"మెలనిన్ కొంత కాస్తది, మొత్తం కాదు. మంగు మచ్చలు మనకే ఎక్కువ" అని సన్‌స్క్రీన్ రాసిండు. ఎస్‌పీఎఫ్ 30 యూవీబీని 97 శాతం ఆపితే, 50 ఆపేది 98. ఇరవై పెరిగితే ఒక్క శాతమా! నేనిట్ల మార్కులేస్తే తల్లిదండ్రులు ఊకుంటరా? యూవీఏ కోసం ట్యూబు మీద పీఏ అన్న అక్షరాల పక్కన ప్లస్సులు లెక్కపెట్టాలె. మొహానికీ మెడకూ రెండు వేళ్ల పొడుగు, ఎండలుంటే రెండు గంటలకోసారి.

నేను జొన్నగింజంత తీసి, ఒక్క ట్యూబును ఉగాది నుంచి దసరా దాక లాక్కొచ్చిన. "అది పూసుడు కాదు, బొట్టు పెట్టుడు" అన్నది ఇంటామె.

ఆఖరుకు ఫుల్ చేతుల అంగి తొడిగి, నెత్తికీ చెవులకూ తువ్వాల చుట్టిన. పత్తి ఏరే ఆడోళ్లు చీర మీద మొగని అంగి తొడుక్కునేది ఇన్నేండ్లు చూస్తనే ఉన్న, ఎందుకో అడగలే. మొన్న ఊరి బయట కారాపి దిగితే, చెల్కల నుంచి ఒక పెద్దామె కేకేసింది.

"ఏం సారూ, పత్తి ఏరనీకె ఒస్తివా? గీ సాలు ఖాళీగున్నది, రా!"