అమెరికా కర్రా, ఆస్ట్రేలియా కర్రా?

పులస పులుసులో బెండకాయ వెయ్యాలా వద్దా అని అన్నదమ్ములు మాటలు మానుకున్న ఇళ్ళు మా వైపున్నాయి. అంచేత, గోదారి ఇసకలో పాత నాణేలు వెతకడానికి గ్యారెట్ మెటల్ డిటెక్టరు మంచిదా, మైన్‌ల్యాబ్ మంచిదా అని ఇద్దరు పెద్దమనుషులు రాజమండ్రి రేవు దగ్గర టీకొట్టులో చెరో బల్లా పట్టుకుని ఎడమొహం పెడమొహంగా కూర్చుంటే నాకు వింతేమీ అనిపించలేదు. వింతల్లా ఒక్కటే. ఇద్దరిలో ఏ ఒక్కరికీ ఇంతవరకూ పాత నాణెమన్నది దొరకలేదు.

ముందు మతాల సంగతి చెప్పాలి. గ్యారెట్‌ది అమెరికా. 1964లో టెక్సాస్‌లో చార్లెస్ గ్యారెట్ అనే ఇంజనీరు పెట్టిన కంపెనీ. సినిమా హాలు గుమ్మంలో మన జేబుల మీంచి పోనిచ్చే నల్ల కర్ర మీద చాలాసార్లు ఈ పేరే కనిపిస్తుంది. నా తాళంచెవుల్ని పట్టుకున్న కంపెనీ రాజరాజ నరేంద్రుడి మాడల్ని పట్టుకోలేదా అన్నది ఒక బల్ల మీది బాబాయిగారి సిద్ధాంతం. మైన్‌ల్యాబ్‌ది ఆస్ట్రేలియా, 1985లో పుట్టింది. బంగారు గనుల దేశం, వాళ్ళకి తెలియకపోతే మనకి తెలుస్తుందా అన్నది రెండో బల్ల మీది మావయ్యగారి వాదం. 2018లో ఈ కంపెనీ ఈక్వినాక్స్ అనే యంత్రాన్ని దింపి, ఒక్క ఫ్రీక్వెన్సీతో పనిచేసే కర్రలకి కాలం చెల్లిందని చాటింపు వేసింది. ఆ చాటింపు మావయ్యగారికి కంఠతా వచ్చు. ఫ్రీక్వెన్సీ అంటే ఏంటండీ అనడిగితే, "ఎన్నుంటే అంత మంచిది కదండీ" అన్నారు. పెళ్ళి భోజనాల్లో స్వీట్ల లెక్కన్నమాట. టర్కీ వారి నోక్టా, ఫ్రాన్సు వారి ఎక్స్‌పీ అని చిన్న సంప్రదాయాలు కూడా ఉన్నాయి గానీ, మా రేవులో వాటికి భక్తులింకా చేరలేదు.

ఇంతకీ ఆ కర్ర చేసే పనేంటి? చివర పళ్ళెంలా ఒక తీగచుట్ట ఉంటుంది. అందులో కరెంటు అటూ ఇటూ ఊగుతూ భూమిలోకి అయస్కాంత క్షేత్రాన్ని పంపుతుంది. కింద లోహముంటే దాని ఒంట్లో చిన్న చిన్న సుడి కరెంట్లు పుట్టి, తిరిగి చుట్టకి జవాబు చెబుతాయి. ఆ జవాబు ఎంత ఆలస్యమైందన్నదాన్ని బట్టి ఇనుమా, రాగా, వెండా అని యంత్రం ఊహించి, తెర మీద ఒక అంకె వేసి, చెవిలో ఒక కూత పెడుతుంది. ఊహించి అన్నానండీ, గమనించాలి. పలచటి బంగారమూ, సిగరెట్టు పెట్టెలోని రేకూ ఇంచుమించు ఒకే అంకె మీద పలుకుతాయి. రేకు గోల నాకొద్దని మీట నొక్కితే బంగారం కూడా వద్దన్నట్టే. ఏ దేశపు కర్రయినా అంతే. తప్పు కంపెనీది కాదు, లోహాల స్వభావమది.

చెత్త ఇనుముతో ఈ విద్యకి వైరం పుట్టుకనుంచీ ఉంది. 1881లో అమెరికా అధ్యక్షుడు గార్‌ఫీల్డ్ ఒంట్లో దిగిన తూటా వెతకడానికి టెలిఫోను గ్రాహంబెల్ ఇలాంటి యంత్రమే తయారుచేసి పట్టుకెళ్ళాడు. పరుపు కిందున్న స్ప్రింగులు కూయడంతో ఆయన పరికరం తికమకపడింది. తూటా దొరకలేదు.

అందుకని నాణేల వేటగాడు చేసే మొట్టమొదటి పని, ఇనుము వినపడకుండా కర్రకి చెవులు మూయడం. ఇంగ్లండు పొలాల్లో అది సబబే. అక్కడ వాళ్ళు వెతికే పాత నాణేలు వెండివీ రాగివీ బంగారానివీ. మన సర్కారు వారేం చేశారు? 1988లో పావలానీ, అర్ధరూపాయినీ, 1992లో రూపాయినీ స్టెయిన్‌లెస్ స్టీలులోకి దింపారు. అదీ అయస్కాంతానికి అంటుకునే జాతి స్టీలు, నూటికి ఎనభైపాళ్ళు ఇనుమే. అంటే ముప్ఫయ్యేళ్ళుగా రైలు కిటికీల్లోంచి గోదారమ్మకి పడుతున్న రూపాయి బిళ్ళలు మేకులకీ గునపాలకీ చుట్టాలు. మా వాళ్ళు అప్పుచేసి కర్ర కొని, దానికి ఇనుప చెవుడు తెప్పించి, ఆ చెవిటి కర్రతో రూపాయిల్ని పిలుస్తున్నారు.

చదునుగా, గుండ్రంగా ఉన్న ఇనుము ఒక్కోసారి వెండిలా నాటకమాడి కూస్తుంది, రూపాయి కూడా అలాగే దొరుకుతుంది కదా అంటారా? దొరుకుతుంది, ఒక్కోసారి. సీసా మూత కూడా చదునే, గుండ్రమే. ఆ ఒక్క రూపాయి కోసం ఊళ్ళో తాగిన సీసాల మూతలన్నీ తవ్వాలి.

తవ్వడం నేను కళ్ళారా చూశాను. కార్తీకం వెళ్ళిన వారం, నీళ్ళు తగ్గి ఇసక బయటపడ్డాక, పొద్దున్నే ఒక కర్ర వెనకాల నడిచాను. ఏ కంపెనీదో చెప్పను. చెబితే అవతలి బల్ల వాళ్ళు ఈ వ్యాసాన్ని ఫొటోతీసి ఊరంతా పంచుతారు. కుంయ్ మంది. ఆయన మోకాళ్ళ మీద కూలబడి, ఆత్రేయపురం పూతరేకు మడత విప్పినంత నాజూగ్గా ఇసక విప్పారు. సోడా మూత. మళ్ళీ కుంయ్. గుండు గీసి పారేసిన సగం బ్లేడు. తుప్పు పొరలు కట్టి, వేలికి తగిలితే ఇంకా తెగేంత పదునుగా ఉంది. తరవాత పిన్నీసు. తరవాత అగరొత్తుల పెట్టెలోని రేకు. పడవ మేకు ఒకటి దొరికితే, "ఇది కాటన్ దొరగారి కాలం నాటిదయ్యుంటుంది" అన్నారు. పోనీలెండి, మేకుకీ ఒక వంశవృక్షం.

పది గజాల అవతల ఒక కుర్రాడు. పాత స్పీకరులోంచి ఊడదీసిన గుండ్రటి అయస్కాంతం, దానికో నైలాను తాడు. నీళ్ళలోకి విసిరి, ఈడ్చి, పైకి లాగుతున్నాడు. వచ్చిన ప్రతిసారీ అయస్కాంతానికి నల్లిసక మీసాలు. ఆ నల్లిసకే, సరిగ్గా సర్దుకోని కర్ర చేత లేనిపోని కూతలు కూయించేది. కుర్రాడు ఆ మీసాల్ని బొటనవేలితో తుడిచేసి, మధ్యలో అతుక్కున్న రూపాయిని పుటుక్కున ఊడదీసి నిక్కరు జేబులో వేసుకుంటున్నాడు. అరగంటలో పదకొండు రూపాయలు. బ్యాటరీ లేదు, తెర లేదు, తెర మీద అంకె లేదు. ఇనుము వద్దని యంత్రానికి నేర్పడానికి ప్రపంచమంతా పేటెంట్లు తీస్తుంటే, వీడు ఇనుమే కావాలని తాడు కట్టుకొచ్చాడు.

ఆ పదకొండు రూపాయలతో ఒక చిక్కుంది. 1878 నాటి నిధుల చట్టం ఇప్పటికీ బతికే ఉంది. భూమిలో దాగిన పది రూపాయలకి మించిన విలువైన నిధి ఏది దొరికినా కలెక్టరుకి రాతపూర్వకంగా తెలియజేయాలి. తెలియజేయకపోతే ఏడాది దాకా జైలు. ఇవాళ పది రూపాయలు పట్టుకెళ్తే రేవులో టీ గ్లాసు అంచుదాకా నింపరు, చట్టంలో మాత్రం అది నిధి. నీళ్ళ అడుగు ఇసకలో దాగినదీ దాగినదేనని వాదించే ప్లీడరు మా ఊళ్ళో దొరక్కపోడు. పోతే, నూరేళ్ళు దాటిన నాణెం 1972 చట్టం కింద పురావస్తువు. అమ్మాలంటే దానికో తతంగం, దేశం దాటించడం మామూలు జనానికి నిషేధం. ఇదంతా బాబాయిగారికీ మావయ్యగారికీ చెప్పి చూశాను. ఇద్దరూ ఏకగ్రీవంగా నన్ను పిరికివాణ్ణన్నారు. బల్లలు కలిసింది ఆ ఒక్క క్షణమే.

నాణేలు లేవని కాదు. ధవళేశ్వరంలో తూర్పు చాళుక్యుల, చోళుల బంగారు నాణేలు దొరికాయి. మద్రాసు మ్యూజియం వారు 1966లో వాటి మీద ఒక పుస్తకమే వేశారు. అదెక్కడో విని మావయ్యగారు బ్యారేజీ గట్టు మీద వారం తిరిగారు. బాబాయిగారిది ఇంకా దొడ్డ పరిశోధన. కోటిలింగాలలో శాతవాహనుల నాణేలు దొరికాయని చదివి, మా ఊరి కోటిలింగాల రేవు మెట్ల మీద మూడు రోజులు పళ్ళెం ఊపారు. పుస్తకంలోని కోటిలింగాల ఎగువన జగిత్యాల జిల్లాలో, పెద్దవాగు గోదారిలో కలిసే చోట ఉందనీ, అక్కడ వానలకి మట్టి కొట్టుకుపోతే జనం నాణేలు చేత్తో ఏరుకున్నారనీ చెప్పాను. "అయితే నీళ్ళ వెంట ఇటు కొట్టుకొచ్చి ఉంటాయి" అన్నారు. ఫ్రీక్వెన్సీ సంగతేమో గానీ, ఈ ఆశకి లోతు పరిమితి లేదు. కర్రకుంది. విడి నాణేన్ని అది మహా అయితే అడుగు లోతులో పసిగడుతుంది. 1986 లాంటి వరద ఒక్కటి వస్తే లంకల మీద ఎంత మేట వేసిపోతుందో లంక రైతునడగండి.

కంపెనీ గొప్పా అంటే, ఇంగ్లండులో 2009లో స్టాఫర్డ్‌షైర్ పొలంలో వేల ముక్కల ఆంగ్లో-శాక్సన్ బంగారం బయటపెట్టినాయన చేతిలో ఉన్నది రెండున్నర పౌన్లకి కొన్న పాత కర్రేనని పత్రికలన్నీ రాశాయి. ఈ ముక్క చెబితే రెండు బల్లలూ ఒకేసారి, "అది ఏ మోడలండీ?" అన్నాయి.

అయినా వీళ్ళు నయం. కనీసం కూసే వస్తువు కొన్నారు. ఫోనులో ప్రకటన చూసి, వంద మీటర్ల దూరం నుంచే బంగారం వైపు తిరుగుతుందట, పిడికి రెండు ఏరియళ్ళున్న డబ్బా కొనేవాళ్ళున్నారు. ఇరవై డాలర్ల గోల్ఫ్ బంతుల ఆటవస్తువులాంటి డబ్బానే బాంబుల డిటెక్టరని ఇరాకుకి అమ్మిన జేమ్స్ మెకార్మిక్‌కి 2013లో లండన్ కోర్టు 10 ఏళ్ళ జైలు వేసింది. మనకి అంత దూరం దేనికి? 2017 డిసెంబరులో కర్నూలు జిల్లా చెన్నంపల్లి కోటలో సాక్షాత్తూ అధికారుల సమక్షంలోనే నిధి కోసం తవ్వారు. ఇటుకలొచ్చాయి, ఎముకలొచ్చాయి. ఏ కంపెనీ కర్ర వాడారో కనుక్కోమని మావయ్యగారు నాకు పని చెప్పారు.

నిన్న సాయంత్రం మళ్ళీ రేవుకెళ్ళాను. కుర్రాడు తాడు చుట్టేసి మెట్టు మీద కూర్చున్నాడు. ఏరా, బేరాలెలా ఉన్నాయంటే, "తగ్గిపోయిందండి. చిల్లరెవరి దగ్గరుంటందండి ఇప్పుడు, అందరూ ఫోన్లేనండి" అన్నాడు. అంతలో ఆర్చి బ్రిడ్జి మీదికి రైలొచ్చింది. వాడు లేచి నిలబడ్డాడు. పెట్టెలన్నీ దాటేదాకా కిటికీల వంక చూస్తూనే ఉన్నాడు. ఒక కిటికీలోంచి ఎవరో చెయ్యి బయటపెట్టారు. ఫొటో తీసుకోడానికి.