ఊరికే మాట్లాడదామని పిలిచాం

అమెరికా మేనేజర్లకు మర్యాద ఎక్కువ. ఉద్యోగం ఊడగొట్టే ముందు కూడా "ఊరికే మాట్లాడదాం, రండి" అనే పిలుస్తారు. వెళ్తే గదిలో మేనేజరు, పక్కన హెచ్‌ఆర్, ముందే టైపు చేసి పెట్టిన కాగితం. ఇటువైపు మీరొక్కరే. "మా యూనియన్ ప్రతినిధిని పిలుస్తారా?" అని అడిగారో, ఇద్దరి మొహాలూ చిన్నబోతాయి. తప్పు చేయని మనిషికి తోడెందుకు? గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకోవడం కాకపోతే! మరి మేనేజరుకు తోడెందుకో మనం అడక్కూడదు. అది కంపెనీ విధానం.

ఈ 'ఊరికే మాట్లాడటం' ఎలా ఉంటుందో 1972లో టెక్సస్‌లోని హ్యూస్టన్‌లో ఒకావిడకు తెలిసొచ్చింది. వైన్‌గార్టెన్ కంపెనీ దుకాణంలో తినుబండారాలు అమ్మే విభాగంలో పని ఆవిడది. దొంగతనం చేస్తోందన్న అనుమానంతో కంపెనీ భద్రతా నిపుణుడు రెండు రోజులు చాటుగా కాపుకాశాడు. ఏమీ దొరకలేదు. ఇంతలో ఎవరో చెవిలో ఊదారు: 2.98 డాలర్ల చికెన్ పట్టుకెళ్లి గల్లాపెట్టెలో ఒక్క డాలరే వేసిందట. ఇంకేం, విచారణ. యూనియన్ మనిషిని పిలవండని ఆవిడ అడుగుతూనే ఉంది, కుదరదని మేనేజరు అంటూనే ఉన్నాడు. తీరా తేలిందేమిటయ్యా అంటే, ఆవిడ కొన్నది డాలరుకు నాలుగు ముక్కలే. చిన్న డబ్బాలు అయిపోతే పెద్ద డబ్బాలో పెట్టుకుంది. నేరమంతా డబ్బా సైజుది!

నిపుణుడు క్షమాపణ చెప్పాడు. అక్కడితో వదిలేస్తే బాగుండేది. పాపం, ఆవిడ ఏడుస్తూ, డబ్బివ్వకుండా తాను తీసుకున్నది మధ్యాహ్న భోజనం ఒక్కటేనని చెప్పేసింది. నిపుణుడికి ప్రాణం లేచొచ్చింది. మళ్లీ ప్రశ్నలు. భోజనాల బాకీ సుమారు 160 డాలర్లని లెక్కగట్టి, కాగితం రాసి సంతకం పెట్టమన్నారు. ఆవిడ పెట్టలేదు. హెడ్డాఫీసును అడిగితే, ఉచిత భోజనం కూడదన్న నియమం ఆ దుకాణంలో ఉందో లేదో వాళ్లకే తెలియదు. ఆ విభాగం మేనేజరు కూడా అలాగే తింటున్నాడు మరి! ఆఖరికి ఆవిడకు చెప్పిన మాట: ఈ సంగతి మనలో మనకే ఉండాలి. ఆవిడ తిన్నగా యూనియన్‌కు చెప్పింది.

వ్యవహారం కోర్టుల దాకా వెళ్లింది. 1975లో అమెరికా సుప్రీంకోర్టు 6-3 తేడాతో తేల్చింది. శిక్ష పడుతుందని భయపడటానికి తగిన కారణముంటే, విచారణలో యూనియన్ ప్రతినిధిని కోరే హక్కు ఉద్యోగికి ఉంది. తీర్పు రాసింది జస్టిస్ బ్రెనన్.

కంపెనీలేమీ కుంగిపోలేదు. హక్కు ఉందని ఉద్యోగికి చెప్పాల్సిన పని యజమానికి లేదు, అడగాల్సింది ఉద్యోగే. అడిగినా, "అయితే మీతో మాటలే వద్దు" అని, చేతిలో ఉన్న సమాచారంతోనే శిక్ష వేసెయ్యొచ్చు. మాట్లాడాలన్న అంత ఉబలాటం ఒక్క క్షణంలో ఎక్కడికి పోతుందో!

యూనియన్ లేనివాళ్లకూ తోటి ఉద్యోగిని వెంట తెచ్చుకునే హక్కుందని 2000లో కార్మిక వివాదాలు చూసే లేబర్ బోర్డు అంది. 2004లో అదే బోర్డు లాగేసుకుంది. డాలస్‌లోనో, ఆస్టిన్‌లోనో హెచ్‌-1బి వీసా మీదున్న మన సాఫ్ట్‌వేర్ అబ్బాయికి యూనియన్ ఎక్కడిది? ఉద్యోగం పోతే ఇంకోటి వెతుక్కోవడానికి మహా అయితే 60 రోజులు. "ఊరికే మాట్లాడదాం" అన్నప్పుడు అతను గదిలోకి తోడు తెచ్చుకోగలిగేది కంపెనీ ల్యాప్‌టాప్‌నే. మాటలయ్యాక దాన్నీ ఇచ్చి వెళ్లమంటారు.