మొక్కల్ని దాహంతో ఉంచండి

సలహా ముందే చెప్పేస్తాను: ఇంట్లో కుండీలకు రోజూ నీళ్ళు పోయడం మానేయండి. వారానికోసారి అని క్యాలెండర్‌లో గుర్తు పెట్టుకోవడమూ మానేయండి. ఆకు కాస్త వాలగానే చెంబు పట్టుకుని పరుగెత్తకండి. ఇది తలకిందుల సలహాలా వినబడుతుంది. తులసికోటకు పొద్దున్నే నీళ్ళు పోసే అమ్మమ్మలు అసలే ఒప్పుకోరు. కానీ సూరత్‌లో పాండేసరా వైపున్న వడోద్ లాంటి చోట, మరమగ్గాల మీద 12 గంటల షిఫ్టు చేసి వచ్చేవాళ్ళ ఇంట్లో మొక్క బతకాలంటే నాకు ఇంతకన్నా మంచి దారి కనబడలేదు.

తులసి ఎండలో ఉంటుంది కాబట్టి తాగుతుంది. గదిలో మొక్క సంగతి వేరు. వెలుతురు తక్కువైతే ఆకు చేసే పని తగ్గుతుంది, వేరు పైకి లాగే నీరూ తగ్గుతుంది. మనం పోసింది మట్టిలోనే ఉండిపోతుంది. గాలి ఆడాల్సిన సందుల్లో నీరు నిండితే వేరుకు ఆక్సిజన్ అందక కుళ్ళుతుంది. కుళ్ళిన వేరు నీరు పీల్చలేదు, ఆకులు వాలిపోతాయి. దాహమనుకుని మనం ఇంకో గ్లాసు పోస్తాం. ప్రేమతోనే చంపేస్తాం. జూన్ నుంచి సెప్టెంబరు దాకా సూరత్ గాలిలో తేమ నిండి ఉంటుంది. ఆ నెలల్లో మరీ జాగ్రత్త.

ఎప్పుడు పోయాలో కుండీయే చెబుతుంది, ఎత్తి చూడండి. తేలిగ్గా లేస్తే పోయాలి, బరువుగా ఉంటే వదిలేయాలి. పోసేటప్పుడు మాత్రం పిసినారితనం వద్దు. బాత్‌రూమ్‌లోకి తీసుకెళ్ళి అడుగు చిల్లులోంచి కారేదాకా పోసి, నీరంతా దిగాక తెచ్చి పెట్టండి. రోజుకో గుక్క పోస్తే పై మట్టే తడుస్తుంది.

ఇక నర్సరీవాళ్ళకు నచ్చని మాట. రకరకాల మొక్కలు కొనకండి. ఐదు రకాలుంటే ఐదు దాహాలు. ఒకే రకం మొక్క, ఒకే కొలత ప్లాస్టిక్ కుండీ, ఒకే మట్టి, ఒకే కిటికీ పక్కన పెట్టుకోండి. ఒక్క కుండీ ఎత్తి చూస్తే మిగతావాటి సంగతీ తెలిసిపోతుంది. స్నేక్ ప్లాంట్ కానీ జెడ్‌జెడ్ ప్లాంట్ కానీ ఎంచుకోండి. రెండూ ఆఫ్రికావి, వానలు లేని కాలాలకు అలవాటుపడినవి. మొదటిది దళసరి ఆకుల్లో, రెండోది మట్టిలోని దుంపల్లో నీరు దాచుకుంటుంది. నెల రోజులు పట్టించుకోకపోయినా ఉంటాయి. ఎప్పుడూ తడి కోరే ఫెర్న్‌లూ కలాథియాలూ ఉంటే తీరిక ఉన్న బంధువులకు ఇచ్చేయండి. బాధగానే ఉంటుంది, అయినా ఇవ్వండి.

సీసాలో మనీప్లాంట్ పెడితే ఈ గొడవే ఉండదంటారు. నేను ఒప్పుకోను. డెంగీ తెచ్చే ఏడిస్ దోమ ఇలాంటి నిలవ నీటిలోనే పెరుగుతుంది, వారం పది రోజుల్లో గుడ్డు నుంచి దోమ తయారవుతుంది. అందుకే వారం తప్పకుండా నీళ్ళు మార్చి సీసా తోమాలి. పని తగ్గిందెక్కడ? కుండీ కింద పళ్ళేనికీ ఇదే వర్తిస్తుంది. మునిసిపల్ సిబ్బంది వచ్చి పళ్ళేలు చూస్తే విసుక్కోకండి. సూరత్ 1994లో ప్లేగు భయాన్ని చూసిన ఊరు.

బియ్యం కడుగు నీళ్ళు పెరట్లో కరివేపాకు చెట్టుకు పోసుకోండి, గదిలో కుండీకి వద్దు. వాసన, చిన్న ఈగలు రెండూ వస్తాయి. ఆర్వో మిషన్ వదిలే నీళ్ళలో లవణాలు ఎక్కువ, అవీ వద్దు.

దీపావళికి మగ్గాలు ఆగి వరంగల్, కరీంనగర్ వైపు సొంతూళ్ళకు బయల్దేరేటప్పుడు పక్కింటి వదినకు తాళం ఇచ్చి నీళ్ళు పోయమనకండి. ఆమె మంచి మనసుతో రోజూ పోస్తుంది. స్నేక్ ప్లాంట్‌ను ఊరికే వదిలేసి వెళ్ళండి. ఎవరికీ ఇవ్వబుద్ధి కాని పీస్ లిల్లీ ఒకటి ఉంటే, దానికి మాత్రం కార్ఖానాలో మిగిలిన పాలిస్టర్ దారం పనికొస్తుంది. పోగులు కలిపి పెన్సిలంత లావు పేని, తడిపి, ఒక కొస కుండీ మట్టిలోకి లోతుగా గుచ్చి, రెండోది నీళ్ళ బకెట్ అడుగుదాకా వదలండి. నూలు దారం మట్టిలో కుళ్ళిపోతుంది, వాడకండి. బకెట్ కుండీకన్నా కాస్త కిందనే ఉండాలి, పైన పెడితే నీరు ఆగకుండా దిగి కుండీ మునుగుతుంది. దోమ దూరకుండా మూత పెట్టి, దారం పట్టేంత సందు మాత్రమే వదలండి. ప్రయాణానికి రెండు మూడు రోజుల ముందే ఇదంతా అమర్చి, మట్టి తడుస్తోందో లేదో వేలితో చూసుకోండి.