బావగారి ఆరోగ్య శాసనము

మా అక్కను పరిణయమాడిన నాటినుండి మా బావగారు నా ఉదరపరిధిని గూర్చి బంధుసభలో వ్యాఖ్యానింపని పండుగ లేదు. కావున నేడు నేను వారిని గూర్చి నాలుగు మాటలు వ్రాయుట ఋణవిమోచనమే గాని ద్రోహము కాజాలదు. ఇట్టి మహనీయుడు ప్రతి వంశమునందును ఒక్కడైన నుండును. ఆరోగ్యశాస్త్రము తాము బోధించుటకును, తక్కినవారు ఆచరించుటకును పుట్టినదని వీరి దృఢవిశ్వాసము.

బావగారి నివాసము బోరబండ సైట్-3. కొలువు హైటెక్ సిటీలో. లింగంపల్లి వైపు పోవు ఎం.ఎం.టి.ఎస్. రైలు బోరబండ విడిచిన తరువాత ఆగు మొదటి స్టేషను హైటెక్ సిటీయే. అయినను స్టేషనువరకు నడచుట, దిగి మరల నడచుట వారికి కాలహరణముగా తోచును గనుక, కారులో బయలుదేరి సిగ్నళ్లయొద్ద ఆ కాలమును వడ్డీతో సహా చెల్లింతురు. మణికట్టున మాత్రము అడుగులు లెక్కించు గడియారము ప్రకాశించుచుండును. స్పీడ్ బ్రేకరు తగిలినప్పుడెల్ల అది రెండడుగులు కలుపుకొనునని నా అనుమానము. ఏలయన పదివేలు పూర్తియైనవని వారు ప్రకటించునది వర్షమునకు ట్రాఫిక్ స్తంభించిన దినములందే.

మేనల్లునికి ఎనిమిదేండ్లు. వాని బుగ్గలు చూచి మురియనివారు లేరు. ఒకనాడు బావగారు తమ కార్యాలయమువారి యాప్‌లో వాని ఎత్తును బరువును ఎక్కింపగా బి.ఎం.ఐ. 21 అని వచ్చెను. "చూసినవా, నార్మల్! నీదెంత బామ్మర్దీ?" అని నావైపు తిరిగి, ఆ శుభవార్తకు సత్కారముగా కిలో డబుల్ కా మీఠా తెప్పించిరి. తరువాత పిల్లవానికి జ్వరము వచ్చి ఆసుపత్రికి పోయినపుడు, వైద్యురాలు గోడమీది పటము చూపి, ఆ లెక్క పెద్దలకు వర్తించునదనియు, పిల్లలకు వయస్సును, ఆడ మగ భేదమును బట్టి వేరు గీతలు గలవనియు, ప్రపంచ ఆరోగ్య సంస్థ పట్టికలో ఎనిమిదేండ్ల బాలునికి స్థూలకాయపు గీత 20కి లోపలనే యున్నదనియు తెలిపిరి. "కడుపు మాడ్చకండి. ఎత్తు పెరిగే వయసు, బరువు ఉన్నచోట నిలిచినా చాలు. కానీ ఇంటిల్లిపాదీ మారాలి" అని వారు చెప్పుచుండగా బావగారికి క్లయింటు ఫోను వచ్చెను. ఆ కడపటి వాక్యము మాత్రము వారి చెవిని పడలేదు.

ఆ రాత్రి బావగారు నిద్రింపలేదని అక్క చెప్పినది. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థవారు 2024లో వెలువరించిన ఆహార మార్గదర్శక గ్రంథమును తెల్లవారుజామువరకు చదివి, అందలి పళ్లెపు బొమ్మను రంగులలో అచ్చొత్తించి ఫ్రిజ్ తలుపున కంటించిరి. తలుపు వెలుపల శాస్త్రము, లోపల గులాబ్ జామూన్లు. ఆ గ్రంథమున సూత్రములు 17. దేశజనులందరికై వ్రాయబడిన ఆ పదునేడును మా మేనల్లుని తలపైననే పడినవి. చక్కెర దినమునకు 25 గ్రాములు మించరాదని పిల్లవాని పాలలో చెంచా లెక్కపెట్టు ఈ ధర్మమూర్తి, సాయంకాలము ఇరానీ చాయ్‌లో ఉస్మానియా బిస్కెట్లు ముంచుచు, అవి కొంచెము ఉప్పగా నుండును గనుక చక్కెర పద్దులోనికి రావని వాదింతురు. భోజనవేళ టీవీ నిషిద్ధము. వారి ల్యాప్‌టాప్ మాత్రము "ఆఫీసు" గనుక కంచము ప్రక్కనే కొలువుతీరును. బాలురు దినమునకు 60 నిమిషములైన ఆటలాడవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ వచనము. దానిని శిరసావహించి వానిని వీథిలోని ఏటవాలుపై పరుగెత్తించి, తాము అరుగుపై కుర్చీ వేసికొని, "నేను టైం చూస్త, నువ్వు ఉరుకు" అందురు.

ఈ శాసనమునకు ప్రతిపక్షము వారి కన్నతల్లియే. "పోరడు సగమైండు, బొక్కలు తేలినయి" అని ఆమె ప్రతిదినము విలపించి, కొంగుచాటున సర్వపిండి ముక్క అందించును. ఆమెను చూచి నవ్వుటకు నాకు మనసొప్పదు. కరవు చూచిన కన్నులకు బొద్దుతనమే భాగ్యముగా తోచును. ఆ పోషకాహార సంస్థయు 1918లో కూనూరున బెరిబెరి పరిశోధనకై, అనగా తిండిలోని లోటును కనిపెట్టుటకై పుట్టినదే గదా. 1958లో హైదరాబాదునకు తరలివచ్చిన ఆ సంస్థయే నేడు నూనె తగ్గింపుడు, చక్కెర తగ్గింపుడు అని వ్రాయవలసి వచ్చినది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలలో అధిక బరువుగల అయిదేండ్లలోపు పిల్లలు 2015-16లో నూటికి 2.1, 2019-21లో 3.4. ఒక ముసలమ్మ జీవితకాలములో దేశము ఇంత మారినప్పుడు, ఆమె చేయి మారకుండుట వింతయా?

బావగారి భయమునకును కారణము కలదు. వారి తండ్రి నలువదవ యేటనే చక్కెరవ్యాధి పాలై సూదులతో కాలము గడుపుట చిన్ననాడే చూచిరి. అందుచేతనే వారిపై నా కోపము అరగంటకు మించి నిలువదు. కాని భయపడినవాడు తన చాయ్ తగ్గించుకొనవలెను గాని కొడుకు కంచము తూచుట యెందులకు?

నిజమైన పని చేసినది అక్క. ఉపన్యాసము లేదు, పటము లేదు. శీతలపానీయపు సీసాలు కొనుట మానినది. ఎర్రగడ్డ రైతుబజారు కూరలు, రాత్రి ఎనిమిదింటికి అందరికిని ఒకే జొన్నరొట్టె, ఒకే పప్పు. పిమ్మట పిల్లవానితో మోతీనగర్ వైపు నడక. అత్తగారిని సైతము వెంటబెట్టుకొని పోవును. ఆమె దారిలో బఠాణీలు కొనిపెట్టి తృప్తిపడును.

2025లో బడులలో చక్కెర బోర్డులు పెట్టుడని సి.బి.ఎస్.ఇ. ఆదేశించిన తరువాత మేనల్లుని బడిలోను ఒకటి వెలసెను. వాడు దానిని చదివివచ్చి, పలక పట్టుకొని తండ్రి ఎదుట కూర్చుండెను. దినమునకు అయిదు చాయ్‌లు, ఒక్కొక్కదానిలో రెండు చెంచాలు, చెంచాకు అయిదు గ్రాములు. "నాన్నా, నువ్వు రేపటిది గూడ ఇయ్యాల్నే తాగినవ్" అని తీర్పు చెప్పెను. అత్తగారును మనుమని పక్షమే వహించిరి.

నాటినుండి బావగారు ఆదివారము సాయంకాలములందు మిర్చిబజ్జీల పొట్లముతో మా ఇంటికి వేంచేయుచున్నారు. "మీ ఇంట్ల తింటే లెక్కల రాదు బామ్మర్దీ" అని వారి నూతన న్యాయశాస్త్రము. మొన్న అయిదవ బజ్జీ నములుచు, "కాగిన నూనెనే మళ్ల మళ్ల కాగబెడితే శానా డేంజర్" అని ఆ గ్రంథములోని సూత్రమును నాకు విపులముగా బోధించి, నా క్షేమార్థము నా పళ్లెములోని రెండింటిని తమ పళ్లెములోనికి మార్చుకొనిరి.