నలభై మంది హాలు, ఊరంతా సాక్షులు

1976 జూన్ 4న మాంచెస్టర్‌లోని లెస్సర్ ఫ్రీ ట్రేడ్ హాల్లో పంక్ బ్యాండ్ సెక్స్ పిస్టల్స్ చెవులు చిల్లులు పడేలా వాయించిన కచేరీకి టిక్కెట్టు 50 పెన్నీలు, వచ్చినవాళ్లు నలభై మందికి అటూఇటూ. ఇప్పుడు ‘ఆ రాత్రి నేనూ ఉన్నా’ అనేవాళ్లను కూర్చోబెట్టాలంటే ఫుట్‌బాల్ స్టేడియం కావాలి. పాపం, వయసు మీదపడి మరిచిపోయారంటారా? మరుపైతే ఉన్నవాళ్లు తగ్గాలి గానీ లేనివాళ్లు పుట్టుకొస్తారా! జూలై 20న అక్కడే జరిగిన రెండో కచేరీతో కలగాపులగమైందనుకున్నా, ఆరు వారాల్లో హాలేమీ పెరగలేదే. నిజంగా వెళ్లిన పీటర్ హుక్ మర్నాడే బేస్ గిటార్ కొని, తర్వాత జాయ్ డివిజన్ బ్యాండ్‌లో వాయించాడు. వెళ్లనివాళ్లు కోతలతో సరిపెట్టుకున్నారు. ఆ హోరుకు వాళ్ల చెవులు దెబ్బతినలేదని మాత్రం ఏ డాక్టరైనా ధైర్యంగా రాసివ్వొచ్చు.